ఏడో మలుపులో ఆగే బండి

మా పెద్ద కోడలు డ్రైవింగ్ పరీక్ష ఐదోసారికి పాసయింది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. నాలుగుసార్లూ ఒకే చోట తప్పింది. ఏటవాలు మీద బండి ఆపి, వెనక్కి అంగుళం కూడా జారకుండా మళ్ళీ కదిలించాలి. ఆమె చేతిలో అది వెనక్కయినా జారేది, లేదంటే గింజుకుని ఆగిపోయేది. నాలుగోసారి అధికారి కాగితం మీద అడ్డంగా గీత కొడుతూ, "సిస్టర్ గారూ, మీకు సూది చెయ్యి మహా బాగుందండీ. గేరు చెయ్యే ఇంకా రాలేదు" అన్నాడట. అంతకు ముందు వారమే ఆయనకు ఇంజక్షను వేసింది ఆమే మరి.

ఆ గేరు చెయ్యి నేను నేర్పాను. బస్సు డిపో వెనక, బస్సుల అడుగుభాగం చూసుకునే సిమెంటు ఏటవాలు ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడికి తీసుకెళ్ళి, అరువు తెచ్చిన కారు ఆపించి, వెనక చక్రానికి ఆనించి అగ్గిపెట్టె పెట్టేవాణ్ణి. అగ్గిపెట్టె నలగకుండా బండి ముందుకు కదలాలి, అదీ పాఠం. పదకొండు అగ్గిపెట్టెలు నలిగాయి. మా ఆవిడ, "పొయ్యి వెలిగించడానికి ఒక్కటైనా మిగల్చండి" అని గోల. పన్నెండోది నలగలేదు. దాన్ని మా కోడలు ఇప్పటికీ బీరువాలో సర్టిఫికెట్ల పక్కన దాచుకుంది.

సర్టిఫికెట్లంటే గుర్తొచ్చింది, అవి తక్కువేం కాదు. నర్సు పరీక్షలో ఆ ఏడు మూడో స్థానం ఆమెది. జ్వరాలు ప్రబలిన ఏడాది పందొమ్మిది రోజులు ఇంటికి రాకుండా పని చేసినందుకు మెచ్చుకోలు పత్రం ఉంది. కదిలే బస్సులో, వెనక సీటు మీద, రెండు చీరలు అడ్డం కట్టించి పురుడు పోసింది. ఆ బస్సు తోలింది నేనే. ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. నేను ఊరి బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి, ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలాను. నా రికార్డులో ఒక్క ప్రమాదం లేదు. మా ఇంట్లో రెండే గొప్పలు, ఒకటి నా రికార్డు, రెండోది మా కోడలు. మొదటిదాని గురించి ఇంకో మాట కూడా రాయాల్సి ఉంది. ముందు బండి సంగతి చెప్పాలి.

కనుమ దాటాక, కొండ మీద ఆరు మంచాల ఆసుపత్రి ఒకటి ఉంది. మూడు చిన్న ఊళ్ళకు అదే దిక్కు. దాన్ని ఏళ్ళ తరబడి నడిపిన కాంపౌండరు గారు పోయిన వసంతంలో కాలం చేశారు. అక్కడ తనను నర్సుగా వెయ్యమని, ఆయన ఉన్నప్పటి నుంచే, మా కోడలు ఎనిమిదేళ్ళుగా అర్జీలు పెడుతోంది. రెండు చలికాలాల కిందట, ఏ బండీ కదలకుండా కనుమ మూసేసిన రోజున, కొండ మీది నుంచి ఒక బాలింతను మంచులో తొమ్మిది గంటలు మోసుకొచ్చారు. తెచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు. మా కోడలు ఆ పూట ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, నాలుగో అర్జీ చించేసి ఐదోది రాసింది.

చివరికి ఉత్తర్వు వచ్చింది. నవంబరు ఒకటికల్లా సొంత బండితో చేరాలి. ఆ బండి నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగేదై ఉండాలి. లేకపోతే చలికాలమంతా ఆసుపత్రికి తాళం. ఉత్తర్వు చేతికొచ్చే నాటికి మాకు మిగిలింది పదహారు రోజులు.

పాత కార్లు అమ్మే ఆయన్ని మా ఊళ్ళో అందరూ మెరుగాయన అంటారు. ఏ బండయినా ఆయన పాకలోకి వెళ్తే చాలు, అద్దంలా తిరిగొస్తుంది. లోపల ఏముందన్నది వేరే సంగతి. ఆ పాక వాలు రోడ్డు మీద ఉంటుంది. ప్రతి బండి చక్రం కిందా ఒక రాయి. నేనూ, కోడలూ, మా పెద్దవాడూ ముగ్గురం వెళ్ళాం. మావాడికి కళ్ళజోళ్ళ షాపుంది. బండి ఎక్కితే కడుపులో తిప్పుతుంది, అయినా సలహా ఇవ్వకుండా ఉండలేడు.

"రండి డ్రైవర్ గారూ! మీరొస్తే నాకు భయం సుమండీ, బండి కిందకి దూరేస్తారు" అన్నాడు మెరుగాయన.

"కింద ఏమీ లేకపోతే నీకెందుకయ్యా భయం" అంటూ దూరనే దూరాను.

మొదటిది ఎర్రది, ఎత్తయిన చిన్న ఎస్‌యూవీ. మావాడికి చూడగానే నచ్చింది. కింద పడుకుని చూస్తే, ముందు నుంచి వెనక చక్రాలకు బలం మోసుకుపోయే ఇనుప కడ్డీయే లేదు. వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి, భోజనానికి వచ్చి పని ముట్టుకోని చుట్టాల్లా. ఎత్తు చూసి కొండ బండి అనుకునేవాళ్ళ కోసం తయారైన బండి అది.

"కానీ రంగు బాగుంది కదా" అన్నాడు మావాడు.

"మీరు కొనుక్కోండి, షాపు ముందు నిలబెడితే బోర్డుకి కలుస్తుంది" అంది కోడలు.

రెండోది తెల్లది. అదీ ఎస్‌యూవీయే, నాలుగు చక్రాలకూ బలం ఉంది. కానీ నాలుగు టైర్లూ నాలుగు రకాలు, ఒకటి కొత్తది, ఒకటి బోడిది. ఇలాంటి బండికి నాలుగూ ఒకే తీరుగా అరిగి ఉండాలి. లేకపోతే చక్రాలు తలో వేగంతో తిరుగుతాయి, నడుమ ఉండే పెట్టె వేడెక్కి కాలిపోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పించి చూశాను. మోకాళ్ళు పట్టేసిన ముసలాడిలా మూలిగింది.

మూడోది అన్నిటికంటే వెనక, గోడ వారగా ఉంది. పొడుగాటి వ్యాగన్. తడిసిన రాయి రంగు. ఎత్తు లేదు, హంగు లేదు, వయసు పన్నెండేళ్ళకు దగ్గర. కింద దూరితే బయటికి రాబుద్ధి కాలేదు. కడ్డీ ఉంది, రబ్బర్లు కొత్తవి, నూనె చెమ్మ ఎక్కడా లేదు. టైర్లు నాలుగూ ఒకే రోజు వేసినవి. మెరుగాయన తెచ్చిచ్చిన సర్వీసు పుస్తకంలో ముత్యాల్లాంటి చేతిరాతతో ప్రతి మరమ్మతూ రాసి ఉంది. అదే రాతలో, అట్ట మీద, 'ఆపితే మళ్ళీ కదులుతుంది' అని ఒకే ఒక్క ముక్క.

"ఇది కాంపౌండరు గారిదే. అందుకే మీకు ముందు చూపించలేదు" అన్నాడు మెరుగాయన. ఎందుకో చెప్పలేదు. ఆ మాట అంటూనే జేబులోంచి గుడ్డ తీసి, ముందు సీటు పక్క అద్దం గబగబా తుడవబోయాడు. ఆ ఒక్క అద్దమే ఆవిరి పట్టి ఉంది. తుడిచినా పోలేదు. ఆవిరి లోపలి వైపు ఉంది.

మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో, తలుపులన్నీ తాళం వేసిన బండిలో, ఒక్క అద్దానికి ఆవిరి. మనిషి మొహం ఎంతో అంత మేర.

నేను డిపోలో మూడు తరాల బండ్లు చూసినవాణ్ణి. నీళ్ళు దిగుతున్నాయి అనుకున్నాను. కోడలు మాత్రం ఆ అద్దం వంక, వార్డులో కొత్తగా చేరిన మనిషి వంక చూసినట్టు చూసింది.

ఇక్కడ కనుమ గురించి చెప్పాలి. కనుమ ఎక్కడం గొప్ప కాదు. ఊపు మీద ఏ బండయినా ఎక్కుతుంది. మంచు పట్టిన వాలు మీద ఆగి, మళ్ళీ కదలడం గొప్ప. ఏడో మలుపు బస్సు తిప్పుకోగలిగిన ఆఖరి చోటు. మంచు ముదిరితే మేము అక్కడే బస్సు తిప్పేసేవాళ్ళం. పైకి పోవాల్సిన వాళ్ళను దింపి, రెండు హారన్లు కొట్టేవాళ్ళం. గురువారం మందులు తీసుకుని బస్సు వెనకాలే వచ్చే ఆసుపత్రి బండికి అది గుర్తు, మలుపులో మనిషి ఉన్నారు, ఎక్కించుకోమని. కాబట్టి కొండ బండికి నేను పెట్టే పరీక్ష ఒకటే. నీళ్ళ ట్యాంకు రోడ్డు మీద, తడిపిన వాలు మధ్యలో ఆపాలి, కదలాలి.

తెల్లబండిలో మెరుగాయన ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. బండి రెండు బారలు వెనక్కి జారింది, ఆయన దర్జా కూడా. వ్యాగన్ దగ్గరకొచ్చేసరికి, "నేను వెనకాల కూర్చుంటానండీ" అని నాకంటే ముందే వెనక సీట్లోకి దూరాడు.

"ముందు ఖాళీయే కదా" అన్నాను.

"ఖాళీగానే ఉండనీండి."

నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. మావాడు కడుపు పట్టుకుని రోడ్డు మీదే ఉండిపోయాడు. కోడలు బండిని వాలు మధ్యకు తెచ్చి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసింది. అంతా నిశ్శబ్దం. అప్పుడు టింగుమని చప్పుడై, డ్రైవరు ముందు ఎర్ర దీపం వెలిగింది. పక్క సీట్లో మనిషి ఉండీ పట్టీ పెట్టుకోకపోతే వెలిగే దీపం అది. సీట్లో ఎవరూ లేరు. చప్పుడు ఆగడం లేదు. టింగు, టింగు, టింగు.

కోడలు కాసేపు విన్నది. తర్వాత చెయ్యి చాచి, ఖాళీ సీటు మీదుగా పట్టీ లాగి బిగించింది. చప్పుడు ఆగింది. బ్రేకు వదిలింది. బండి అగ్గిపెట్టె మందం కూడా వెనక్కి పోకుండా ముందుకు కదిలింది.

"చూశారా, కదిలింది" అంది, గొంతులో ఏ తేడా లేకుండా.

మెరుగాయన చెమట తుడుచుకుంటున్నాడు. "వాలు మీద ఆపితేనేనండీ ఆ గోల. నా పాక చూస్తే అంతా వాలే. పొద్దస్తమానం లోపల ఎవరో ఉన్నట్టే."

నాకు పట్టుదల వచ్చింది. పాక దగ్గర సీటు ఎత్తి చూశాను. సీటు కింద బరువు కొలిచే రేకు ఒకటుంటుంది, దానికో వైరు. వైరు పొడిగా ఉంది. సీటు గుడ్డ మాత్రం తడిగా, ముట్టుకుంటే వేలు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. వైరు పీకేశాను. దాని మూతి నా అరచేతిలో ఉంది. అది లేకుండా దీపానికి వెలిగే దారి లేదు.

దీపం వెలిగింది.

నేను అబద్ధం రాయను. వైరు నా చేతిలో ఉండగా వెలిగింది. నేను మళ్ళీ తగిలించి, సీటు దించి, చేతులు కడుక్కున్నాను.

మా డిపోలో ఒక పద్ధతి ఉండేది. దిగే డ్రైవరు, ఎక్కే డ్రైవరు బండి ముందు ఎదురెదురుగా నిలబడి దాని గుణాలు చెప్పుకోవాలి. దీనికి ఎడమ వైపు లాగుడుంది, దీని మూడో గేరును తొందర పెట్టకు, అలా. దిగినవాడి మాట వినకుండా ఎవరూ బండి ఎక్కేవాళ్ళు కాదు. ఈ బండి దిగినవాడు చనిపోయాడు. ఆయన అక్కగారు ఉన్నారు. ఆ సాయంత్రం నేనూ కోడలూ ఆవిడ దగ్గరకు వెళ్ళాం.

రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. డెబ్బై అయిదు దాటిన మనిషి, కుర్చీలోంచి లేవలేక, "తలుపు తోసుకుని రండమ్మా" అని కేకేసింది. మా కోడలు ఊరుకుంటుందా, కూర్చోగానే ఆవిడ మోకాలు చేతుల్లోకి తీసుకుని నొక్కి చూడటం మొదలెట్టింది.

"ఇక్కడా నొప్పి?"

"అక్కడే తల్లీ. నువ్వేనా పైకి వెళ్ళే పిల్లవి? ఆ బండి కోసమేనా వచ్చారు?"

"అవునండీ. దాంతో పాటు వచ్చే మనిషి గురించి కూడా" అంది కోడలు.

ముసలావిడ చీర చెంగు మోకాలి మీదికి లాక్కుంది. తర్వాత చెప్పింది.

"పన్నెండేళ్ళయింది. అప్పుడు మా తమ్ముడికి మామూలు కారుండేది, ముందు చక్రాలు మాత్రమే లాగేది. ఓ గురువారం మంచులో పైకి పోతున్నాడు. ఏడో మలుపులో ఎవరో ఆడమనిషి చెయ్యెత్తిందట. వీడు ఆపలేదమ్మా. ఆపితే ఆ వాలు మీద మళ్ళీ కదలదని భయం. పైన పురుటి మనిషి ఉంది. ఆమెకు సాయం చేసి తిరిగొద్దాంలే అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి మలుపులో సంచి ఒకటే ఉంది. మంచు మీద అడుగులు ఉన్నాయట, వీడి కారు జాడ వెంబడి పది బారలు. ఆ తర్వాత లేవు."

"మనిషి దొరకలేదా?"

"మంచు కరిగాక కూడా వెతికారు. నా అనేవాళ్ళెవరూ రాలేదు. ఆ వేసవిలోనే వీడు ఊళ్ళన్నీ తిరిగి ఈ బండి తెచ్చాడు. ఎక్కడానికి కాదక్కా, ఆగడానికి అనేవాడు. బతికున్నన్నాళ్ళూ పైకి పోయే ప్రతిసారీ ఆ మలుపులో ఆపి, తలుపు తీసి, వేసి, పోయేవాడు. దీపం వెలిగేదట. ఆసుపత్రి గేటు దగ్గర ఆరిపోయేదట. ప్రతిసారీ ఎక్కేదేగానీ, ఒక్కసారి కూడా కిందికి రాలేదు. వాడు పోయాక మాత్రం, బండి ఎక్కడ వాలు మీద ఆగినా ఆ మలుపే అనుకుని ఎక్కుతోందో ఏమో."

ఆవిడ అలమర చూపించింది. కోడలు లేచి, చెప్పిన డబ్బా తెచ్చింది. సంచిలో దొరికినవి అందులో ఉన్నాయి. మందుల చీటీ చెమ్మకు అలుక్కుపోయింది. ఒక బస్సు టిక్కెట్టు. రానుపోను టిక్కెట్టు. పోయే సగానికి చిల్లు పడి ఉంది. వచ్చే సగం అలాగే ఉంది.

ఆ చిల్లు చంద్రవంక ఆకారంలో ఉంది. ఒక కొన విరిగిన చంద్రవంక.

కనుమ సర్వీసులో డ్రైవరే కండక్టరు. టిక్కెట్టుకు చిల్లు పొడిచే పట్కారు ఒక్కొక్కరిది ఒక్కో ఆకారం. కొన విరిగిన చంద్రవంక నాది.

అప్పుడు గుర్తొచ్చింది. గోధుమరంగు శాలువా. చివరి సీటు. ఆ రోజు బస్సులో పైకి పోవాల్సింది ఆమె ఒక్కతే. ఏడో మలుపులో మంచు చూసి నేను బస్సు తిప్పేశాను. "ఏం ఫర్వాలేదులెండి, ఆసుపత్రి బండి వెనకాలే వస్తోంది కదా" అని ఆమే అంది. నేను రెండు హారన్లు కొట్టాను. అద్దంలో చూస్తే మలుపు అంచున సంచి పట్టుకుని నిలబడి ఉంది. మర్నాడే నన్ను కింది రూటుకు మార్చారు. ఆసుపత్రి బండి ఎక్కించుకుందో లేదో నేను అడగలేదు. అడగాలని తట్టనే లేదు. నా రికార్డులో ఒక్క ప్రమాదం లేదని పైన రాశాను. అది కాగితం మీద నిజం. దాని పక్కన ఇది కూడా ఉండాలి.

మెట్లు దిగుతూ కోడలికి చెప్పాను.  ఆమె మెట్టు మీదే ఆగి, "రెండు హారన్లూ కొట్టారా మావయ్యా?" అంది.

"కొట్టాను."

"అయితే ఆయన విన్నాడు. విని కూడా ఆగలేకపోయాడు." టిక్కెట్టు నా చేతిలో పెట్టింది. దాన్ని మేం అడక్కుండానే ముసలావిడ ఇచ్చేసింది. "దీన్ని మీరే ఉంచండి."

ఇంట్లో మావాడు ఒక పూట యుద్ధం చేశాడు. "నాన్నా, మీరైనా చెప్పండి! దాంట్లో ఏదో ఉందని తెలిసీ కొంటారా?"

"ఉంటే ఉండనీండి, బరువేం లేదుగా" అంది కోడలు. "మీకేం కావాలి, నేను క్షేమంగా తిరిగి రావడమేనా? ఊళ్ళో ఉన్న మూడింటిలో వాలు మీద ఆగి కదిలింది అదొక్కటే. నాకు పైన ఆసుపత్రి తెరవాలి, దారిలో చెయ్యెత్తినవాళ్ళ కోసం ఆగాలి. ఎర్రదానిలో పోయి ఆగకుండా పొమ్మంటారా?"

మావాడు షాపు తాళాలు తీసుకుని బయటికి పోయాడు. మా ఆవిడ మాత్రం, "ఆ సీటు మీద ఒక మందపాటి దుప్పటి వెయ్యండి, తడిసిపోతోందంటున్నారుగా" అంది. ఆవిడ అన్నది సీటు గురించో, మనిషి గురించో నేను అడగలేదు.

నవంబరు ఒకటిన బయలుదేరాం. నేను వెనక సీట్లో, మందుల పెట్టెల మధ్య. ఆరో మలుపు దాటేసరికి మధ్యాహ్నం రెండయింది. తెల్లటి మంచుపొగ అద్దాలకు అతుక్కుంది. రోడ్డు పక్క రాళ్ళు ఒక్కొక్కటీ దగ్గరకొచ్చాకే కనిపిస్తున్నాయి. ఏడో మలుపులో కోడలు ఆపింది. బ్రేకు వేసి, పక్కకు వాలి, ముందు తలుపు తీసింది.

చలి లోపలికి వచ్చింది. ఇంకేమీ రాలేదు. కోడలు స్టీరింగు మీద వేళ్ళు పెట్టి ఎదురుచూస్తోంది.

అప్పుడు కింది నుంచి హారన్ వినిపించింది. రెండు సార్లు.

ఆ రూటులో బస్సులు మానేసి తొమ్మిదేళ్ళయింది. అది ఏ లారీదో అనుకుందామనుకున్నాను. కానీ ఆ హారన్ రెండో మోతలో చివర కాస్త బొంగురు పోతుంది. బాగు చేయించమని నేనే నాలుగు చీటీలు రాశాను, ఎవరూ చేయలేదు. నా బస్సు గొంతు నాకు తెలియదా? నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆ డ్రైవరు సీట్లో ఎవరు కనిపిస్తారోనని భయం.

సీటు మీది దుప్పటి కాస్త అణిగింది. దీపం వెలిగింది. టింగు.

"పట్టీ పెడతానండీ, దారి బాగాలేదు" అని కోడలు లాగి బిగించి, తలుపు వేసింది. ఆ బండి, ఆ మంచులో, ఆ వాలు మీద, కొంచెం కూడా జారకుండా కదిలింది. నా జీవితంలో నేను నేర్పిన పాఠాల్లో అంత బాగా ఒప్పజెప్పింది ఇంకొకటి లేదు. 

గేటు దగ్గర, ముసలావిడ చెప్పినట్టే, దీపం ఆరబోతూ రెపరెపలాడింది. కాంపౌండరు గారు అక్కడ బండి లోపలికి పోనిచ్చి తన పని చూసుకునేవారు. మా కోడలు అలా చేయలేదు. గేటు బయటే ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి పక్క తలుపు తీసింది.

"రండమ్మా. ఇంత దూరం వచ్చి గేటు దగ్గర ఉండిపోతే ఎలా? లోపల వెచ్చగా ఉంటుంది."

ఏ రోగి వచ్చినా నర్సు అనే మాటే అది. అంటూ, మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఒక చెయ్యి పక్కకు పెట్టి, మెల్లగా, చిన్న చిన్న అడుగులతో నడిచింది. ముసలివాళ్ళతో నడిచేటప్పుడు అలాగే నడుస్తుంది. వెనక నేను పెట్టె మోసుకుంటూ పోయాను. మంచు మీద అడుగుల వరసలు చూశాను. ఆమెవి, నావి. అంతే. కానీ గుమ్మం దగ్గర పరిచిన గోనె పట్టా మీద మూడో జత తడి కనిపించింది.

ఆరు మంచాల్లో మూడోది పొయ్యికి దగ్గర. కోడలు దాని మీద దుప్పట్లు పరిచి, రోగుల పుస్తకంలో మొదటి పేజీ తీసి రాసింది. పేరు, చెప్పలేదు. బాధ, చలి. వచ్చిన దారి, ఏడో మలుపు.

నేను రెండు రోజులుండి, పాల వ్యానులో దిగి వచ్చాను.

ఆ చలికాలం మా కోడలు చేసిన పనులు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. నాలుగు పురుళ్ళు, నాలుగూ క్షేమం. గుండె ఆగబోయిన గొర్రెల కాపరిని బండి వెనక పడుకోబెట్టి కనుమ దించింది. దారిలో చెయ్యెత్తిన ప్రతివాళ్ళకూ ఆగింది. రెండు వారాలకోసారి గురువారం కిందికి వచ్చి మందులు తీసుకెళ్ళేది. పైకి పోతూ ఏడో మలుపులో ఆపి తలుపు తీస్తూనే ఉంది. కానీ మొదటి రోజు తర్వాత అక్కడ దీపం వెలగలేదు. పుస్తకంలో మాత్రం మూడో మంచం ముందు రోజూ ఒక ముక్క ఉండేది. ఒక రోజు, ఇంకా చలిగానే ఉంది. కొన్నాళ్ళకు, కాస్త మేలు. ఓసారి, దుప్పటి తనే మడిచిపెట్టుకుంది.

జనవరి ఆఖర్లో పెద్ద మంచు పడి కనుమ మూసేశారు. కోడలు పైనే చిక్కుకుంది. మావాడు రోజూ షాపు మూసి రోడ్డు కబుర్ల కోసం తిరుగుతున్నాడు, ఎంత మందలించినా తిండి సరిగ్గా తినడం లేదు. మొన్న ఆదివారం ఫోను కలిసింది. ముందు వాడితో మాట్లాడి, తర్వాత నన్ను పిలవమంది.

"మావయ్యా, రోడ్డు తెరుస్తున్నారట. బండి బాగుంది, బ్యాటరీ చూసుకున్నాను. ఒక సంగతి. మూడో మంచం పొద్దున ఖాళీ అయింది."

"ఖాళీ అంటే?"

"నయమైంది. పుస్తకంలో పంపించేసినట్టు రాసి సంతకం పెట్టాను. బయటికెళ్ళి చూస్తే, బండి చదునులోనే ఉంది, తాళం చెవి నా జేబులోనే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. అప్పటి నుంచీ ఆరలేదు." కాసేపు గరగర. "ఆమె కిందికి దిగుదామనుకుంటోంది మావయ్యా. ఆ టిక్కెట్టు ఉందా మీ దగ్గర?"

"ఉంది."

"పట్కారు?"

రిటైరైన రోజు డిపోలో అప్పగించాల్సిన పట్కారు నేను అప్పగించలేదు. పోయిందని రాసిచ్చాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఎందుకు దాచుకున్నానో ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఇప్పుడు దాన్ని నూనె వేసి తుడిచి పెట్టాను. బస్సు పాత స్టాండులో ఎక్కడ ఆగేదో అక్కడ చదునైన చోటు చూసి, మంచు ఊడ్చి ఉంచాను. టిక్కెట్టు వచ్చే సగానికి చిల్లు పొడవాల్సింది నేనే. మావాడు కూడా వస్తానన్నాడు, కానీ కొంచెం దూరంలో నిలబడతాడట. మా ఆవిడ ఎండలో దుప్పట్లు ఆరేస్తోంది, ఎన్నని నేను లెక్కపెట్టలేదు.

మా కోడలు తిరిగి వచ్చేది ఫిబ్రవరి పందొమ్మిదో తారీఖు, గురువారం.